పొలుసు లేచిన టైరు

మొన్న ఆదివారం మా పక్కింటాయన కారు టైర్లు మార్పించడానికి వెళ్తూ నన్ను తోడు రమ్మన్నారు. నేను రిటైరైన సోషల్ మాస్టారిని. నాకు కారు లేదు, తోలడం రాదు, సైకిలెక్కితేనే రాజమండ్రిలో జనం పక్కకి తప్పుకుంటారు. అయినా ఆయన నన్నే పిలవడానికి కారణం ఉంది. దారిన పోతూ ఆగి ఉన్న కారు ఏది కనబడినా వంగి, ముందు టైరు మీద చెయ్యి వేసి, ఒకసారి లోపల్నుంచి బయటికీ, ఒకసారి బయట్నుంచి లోపలికీ నిమరడం నాకు అలవాటు. బాగోదని తెలుసు. "ఎవరైనా చూస్తే టైర్లు ఎత్తుకుపోయేవాడనుకుంటారండీ" అని మా ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. కానీ వీధిలో నలుగురికీ మాత్రం, ఈయనకి టైర్ల సంగతి ఏదో తెలుసునన్న నమ్మకం కుదిరిపోయింది. లోకంలో చాలా నమ్మకాలు ఇంతకంటే పెద్ద కారణం లేకుండానే కుదురుతాయి.

షాపులో పాత టైరు విప్పి కింద పడేశారు. నా చెయ్యి ఊరుకోలేదు. వంగి అటూ ఇటూ నిమిరి, "పర్వాలేదండి, ఇది సవ్యంగానే అరిగింది. టైర్లు మాత్రం మార్చుకుంటే చాలు" అన్నాను పక్కింటాయనతో. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "మీరు ఈ లైన్లో పని చేసేవారాండి?" అని అడిగారు. "లేదండి, మా వదిన చేపలు అమ్మేది" అన్నాను. ఆయన నా వంకా, పక్కింటాయన వంకా చూసి, మర్యాదకి తల ఊపి తన పని చూసుకోడానికి వెళ్ళిపోయారు. ఆయన తప్పేమీ లేదు. నేను చెప్పిన జవాబు నిజమే, కానీ దానికి ముందూ వెనకా చాలా ఉంది. ఇంటికొచ్చాక కూడా ఆ ముందూ వెనకా నన్ను వదల్లేదు.

మాది వశిష్ఠ గోదారి ఇక సముద్రంలో కలిసిపోతుందనగా, సఖినేటిపల్లి వైపు ఒడ్డున ఒక ఊరు. తాతల నాటి నుంచీ వలా నావా తప్ప మాకు వేరే ఆస్తి లేదు. నాన్న పోయాక అన్నయ్య నావ వదిలి చేపల వ్యాపారంలోకి దిగాడు. ఐసు షెడ్డు, వేలంపాటలు, ఫోన్లో అరుపులు, అదే అతని లోకం. నేను చదువుకుని అవతలి ఒడ్డున, నరసాపురం దాటాక ఉన్న ఒక స్కూల్లో మాస్టారినయ్యాను. మా ఇంట్లో గోదారి మీద కాకుండా గోదారి దాటి బతికింది వీడొక్కడేనని అమ్మ వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పుకునేది. నేను టెన్త్ చదువుతుండగా వదిన మా ఇంటికి కోడలిగా వచ్చింది. వచ్చిన మూడో వారమే గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట చేపలమ్మకానికి బయల్దేరింది. వాళ్ళ పుట్టింట్లో అది నేర్పకపోతే పిల్లకి ఏమీ నేర్పనట్టే లెక్క.

వదిన చేతుల గురించి చెప్పాలి. ఆవిడ చేప కొనేటప్పుడు కళ్ళతో చూసేది తక్కువ. వేలంపాట దగ్గర అందరూ వంగి వంగి చూస్తుంటే ఆవిడ ఎటో చూస్తూ గంపలోకి చెయ్యి పెట్టేది. పొట్ట నొక్కి, మొప్ప ఎత్తి, వీపు మీద ఒకసారి నిమిరి చెయ్యి తీసేది. అంతే, అది పొద్దుటి చేపో నిన్నటి చేపో, ఐసులో ఎన్ని పూటలు పడుకుందో చెప్పేసేది. "కళ్ళనైతే ఐసు మోసం చేస్తది మాస్టారూ, చేతిని చెయ్యలేదు" అనేది. నాకు ఉద్యోగం రాకముందు నుంచే నన్ను మాస్టారూ అని పిలిచేది. మొదట్లో వెక్కిరింతగా పిలిచేది, తర్వాత నిజంగానే పిలిచింది, ఇప్పుడు రెండూ కలిపి పిలుస్తుంది.

ఆ కారు సంగతి జరిగి పదిహేనేళ్ళ పైమాటే. అన్నయ్య అద్దెలకి తిప్పుదామని పాత కారు ఒకటి కొన్నాడు, డ్రైవర్ని పెట్టాడు. ఆ డ్రైవరు రెండు నెలలు తోలి, కువైట్ వీసా వచ్చిందని తాళాలు మా గుమ్మానికి తగిలించి వెళ్ళిపోయాడు. అన్నయ్యకి ఐసు షెడ్డు వదిలే తీరిక లేదు. నాకు తోలడం రాదని ముందే మనవి చేసుకున్నాను. కారు వాకిట్లో కోళ్ళకి నీడగా పనికొస్తోంది. అప్పుడు వదిన, నలభై అయిదు దాటిన మనిషి, అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ, "నేను నేర్చుకుంటానండి" అంది. అన్నయ్య ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. కాదనలేదు. నవ్వనూ లేదు. కాదంటే ఏమవుతుందో అతనికి అప్పటికి పాతికేళ్ళ పైబడిన అనుభవం.

సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తీరం వెంబడి తడి ఇసక సిమెంటు చేసినట్టు గట్టిగా ఉంటుంది. వదిన కారు నేర్చుకుంది దాని మీదే. మా ఊరి వ్యాను డ్రైవరు పక్కన కూర్చుని చెబుతుంటే, ఎదురుగా గుద్దుకోడానికి ఏమీ లేని చోట, ఒక పక్క సముద్రం, ఒక పక్క సరుగుడు తోటలు. నెలన్నరకి లైసెన్సు తెచ్చుకుంది. ఆ రోజు ఏటిగట్టు మీదుగా కారు తోలుకుంటూ ఊళ్ళోకి వస్తే, వల అల్లుతున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ముందు సీట్లో కూర్చున్నది నేను. నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా నేను అంత నిటారుగా కూర్చోలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే నన్నూ, మా హెచ్‌ఎం గారినీ, ఇంకో ఇద్దరు టీచర్లనీ ఎక్కించుకుని, పంటు మీద గోదారి దాటించి, అవతలొడ్డున స్కూలు దగ్గర దింపేది. సాయంత్రం మళ్ళీ తీసుకొచ్చేది. మధ్యలో ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళూ, పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళూ. మా హెచ్‌ఎం గారు లూథరన్ చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళే మనిషి. కారెక్కగానే కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు ప్రార్థన చేసేవారు. అది పూర్తయ్యేదాకా వదిన ఇంజను స్టార్టు చేసేది కాదు. "ఆవిడ దేవుడితో మాట్లాడుకుంటుంటే మధ్యలో చప్పుడెందుకు" అనేది.

పంటంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కలిపి పైన బల్లచెక్కలు పరిస్తే అదే పంటు. కార్లూ, ఆటోలూ, బళ్ళూ, మేకలూ, పెళ్ళివారూ అందరూ దాని మీదే. ఒకసారి శ్రావణంలో ఎర్రనీళ్ళు జోరుగా వస్తున్నప్పుడు, పంటు ఊగి మా కారు జానెడు ముందుకి దొర్లింది. బ్రేకు వేసే ఉంది, పాత కారు కాబట్టి అది సరిగా పట్టలేదు. జానెడే, కానీ హెచ్‌ఎం గారు ఆ రోజు ప్రార్థన రెండోసారి చేశారు. అప్పుడు నాలో మత్స్యకారుడు మేలుకున్నాడు. నాకు వల విసరడం రాదు, తెడ్డు పట్టడం రాదు, చేప ఎముకలు తీసుకుని తినడం కూడా అంతంత మాత్రం. నాన్న దగ్గర నేను నేర్చుకున్న విద్య ఒక్కటే ఉంది, నావని గుంజకి కట్టే ముడి. ఎంత లాగినా బిగుసుకుంటుంది, విప్పాలంటే ఒక్క వేలు చాలు. మర్నాటి నుంచి అన్నయ్య షెడ్డులోంచి నీలం నైలాన్ తాడు ఒకటి తెచ్చి, పంటెక్కగానే కారు ముందు వంగి, ఎడమ చక్రం పక్కన కిందుగా కనిపించే ఇనుప కడ్డీకి ఒక కొస, పంటు గుంజకి ఒక కొస కట్టేవాణ్ణి. ఆ కడ్డీ బొటనవేలంత లావున నున్నగా, అచ్చం తాడు కట్టుకోడానికే పెట్టినట్టుండేది. కారు చేసినవాళ్ళు ఎంత ముందుచూపున్నవాళ్ళో అనుకున్నాను. పంటు అవతలి రేవుకి తగిలినప్పుడల్లా కారు ఊగేది, తాడు బిర్రుగా లాగేది, ముడి మాత్రం చెక్కు చెదిరేది కాదు. పంటువాళ్ళు కూడా చూసి మెచ్చుకునేవారు. నరసాపురం రేవులో దిగేటప్పుడు నా నడకలో కొంచెం తేడా ఉండేదని మా టీచర్లు అనేవారు.

ఎనిమిది నెలలు తిరిగేసరికి ముందు టైర్లు రెండూ అరిగిపోయాయి. పైకి చూస్తే బాగానే ఉన్నాయి. లోపలి అంచు మాత్రం గుండు గీసినట్టయింది. కొత్తవి వేశారు. అవి అయిదు నెలలకే అయిపోయాయి. వెనక టైర్లు చూస్తే కొత్త పెళ్ళికూతురిలా అలాగే ఉన్నాయి. మొదటి జత పోయినప్పట్నుంచే ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. ఏటిగట్టు మీద గోతులన్నారు. ఉప్పునీటి గాలన్నారు. టైర్లలో గాలి ఎక్కువైందన్నారు, తక్కువైందన్నారు. చివరికి అందరికీ నచ్చిన కారణం ఒకటి దొరికింది, ఆడమనిషి తోలుతోంది. మలుపు తిప్పేటప్పుడు తొందర, బ్రేకు మీద కాలు, ఇంకేముంటాయి టైర్లు. ఈ మాట అన్నవాళ్ళలో కారు తోలడం వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

వదిన ఒక్కటే చెప్పేది. "స్టీరింగ్ ఎడం పక్కకి లాగుతోందండి. నేను కుడికి పట్టుకుంటేనే తిన్నగా పోతోంది." అన్నయ్య నవ్వేశాడు. ఎడం పక్క గోదారి ఉంది కదా, పుట్టింటి పిల్లని పిలుస్తోందన్నాడు. "వెళ్ళేటప్పుడు గోదారి పిలిస్తే వచ్చేటప్పుడు చేలు పిలుస్తున్నాయా?" అంది వదిన. దానికి అన్నయ్య సామెత వాడాడు. ఆడలేక మద్దెల ఓడన్నారట అన్నాడు. పక్కనే కూర్చుని అన్నం తింటున్న నేను కూడా నవ్వాను. ఆ నవ్వు గురించి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కారణం నా చేతిలో, చేంతాడంత పొడుగున ఉందని నాకప్పుడు తెలీదు.

రెండో జత కూడా పోయిన వారం అన్నయ్య తేల్చి చెప్పేశాడు. రాజమండ్రిలో తాడితోట దగ్గర తెలిసినాయన ఒకరు కారు కొంటానన్నారట. ముందు టైర్లు గుండుగా ఉంటే బాగోదు కాబట్టి ఆదివారం వెళ్ళి ఏవో రెండు టైర్లు వేయించి, సాయంత్రం ఆయనకి చూపించి ఇచ్చేసి రావడం. ఆ రాత్రి వదిన అన్నం తినలేదని అమ్మ చెప్పింది. కారు పోతే పోయింది, ఆవిడకి మళ్ళీ గంప ఉంది, గంపకి ఆవిడేమీ సిగ్గుపడేది కాదు. కానీ ఆడమనిషి తోలడం వల్ల పోయిందన్న మాట ఊళ్ళో ఉండిపోతుంది. మా ఊళ్ళో ఆవిడ తర్వాత ఇంకో ఆడపిల్ల తాళాలు అడిగితే ఆ మాటే అడ్డం పెడతారు. అది ఆవిడకి తెలుసు. ఆదివారం పొద్దున్న నీళ్ళుపోసుకుని, నలుగురిలోకి వెళ్ళేటప్పుడు కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుని, కారు శుభ్రంగా కడిగి, తనే తోలింది. అన్నయ్య ముందు, నేను వెనక. రాజోలు దాటి, రావులపాలెం దాటి, రాజమండ్రి చేరాం. దారంతా ఆవిడ చేతులు స్టీరింగ్‌ని కుడికి పట్టుకునే ఉన్నాయి. అది నేను వెనక నుంచి మొదటిసారి సరిగ్గా చూశాను.

టైర్ల షాపాయన వయసులో పెద్దాయన, నిదానస్తుడు. అన్నయ్య దిగుతూనే, "ఏవో రెండు వేసెయ్యండి, నల్లగా ఉంటే చాలు, అమ్మేసే కారు" అన్నాడు. ఆయన రెండు తీసి దొర్లించారు. వదిన ముందుకొచ్చి, "ఏం టైర్లండి ఇవి?" అని అడిగింది. గట్టి రబ్బరమ్మా, చాలాకాలం వస్తాయన్నారాయన. వదిన గోటితో నొక్కి చూసింది. "తడి బల్ల మీద జారతాయాండి?" అంది. ఆయన కొంచెం ఆగి, "నిజం చెప్పాలంటే గట్టి రబ్బరు తడిలో అంత పట్టదమ్మా" అన్నారు. మరి పట్టేవి చూపించండంది. ఇంకో రకం తెచ్చారు. వాటి మీద గీతలు లోతుగా ఉన్నాయి, నీళ్ళు పక్కకి పోయేలా. ఆవిడ వాటిలో వేలు పెట్టి లోతు చూసింది, వాసన చూసింది, పక్కన ఉన్న అంకెలేమిటని అడిగింది. చివరి నాలుగంకెలూ టైరు ఏ సంవత్సరంలో ఎన్నో వారం తయారైందో చెబుతాయమ్మా, మరీ పాతది తీసుకోకూడదన్నారాయన. "అంటే ఇయ్యి మొప్పలన్నమాట" అంది వదిన, వంగి చదువుకుంటూ. ఆ జతలో ఒకటి పక్కన పెట్టి, దానికంటే కొత్తది తెమ్మంది.

అన్నయ్య ఓపిక అయిపోయింది. "సాయంత్రానికి అమ్మేసే కారుకి ఇంత ఎంచడం ఏంటే?" అన్నాడు.

"ఎవరో ఒకరు తోలతారు కదండీ. ఆళ్ళ పిల్లలు కూడా ఎక్కుతారు" అంది వదిన, టైరు మీంచి తల ఎత్తకుండా.

షాపాయన అప్పటిదాకా అన్నయ్య వైపు తిరిగి మాట్లాడుతున్నవారు, అప్పట్నుంచి వదిన వైపు తిరిగి మాట్లాడారు. అది నేను గమనించాను. మాస్టారి ఉద్యోగంలో ఇంకేం వచ్చినా రాకపోయినా, ఎవరు ఎవరి వైపు తిరిగి మాట్లాడుతున్నారో గమనించడం వస్తుంది.

ఈలోగా పాత టైరు విప్పి నేల మీద పడేశారు. వదిన దాని దగ్గర గొంతుక్కూర్చుంది. ఆవిడకి అరిగిపోయింది చూడాలని ఏమీ లేదనుకుంటాను, చెయ్యి ఊరికే ఉండదు, అంతే. లోపలి అంచు నుంచి బయటికి నిమిరింది. ఆగింది. బయట్నుంచి లోపలికి నిమిరింది. మళ్ళీ అటు. మళ్ళీ ఇటు. ఎటో చూస్తూ, వేలంపాటలో గంపలో చెయ్యి పెట్టినప్పటి మొహం పెట్టింది. ఆ మొహం నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఏదో దొరికిందని అర్థం.

"ఏవండీ" అని షాపాయన్ని పిలిచింది. "ఇటు నిమిరితే నున్నగా ఉందండి. అటు నిమిరితే పొలుసు లేస్తోంది. టైరుకి పొలుసెందుకుంటదండి?"

ఆయన వచ్చి నిమిరారు. రెండోసారి కళ్ళజోడు తీసేసి నిమిరారు. నలభై ఏళ్ళ నుంచి టైర్లు మారుస్తున్న మనిషి, నిజాయితీపరుడు కాబట్టి, తను ముందే చూడాల్సిందని ఒప్పుకున్నారు. "తిన్నగా దొర్లే టైరుకి ఇలా రాదమ్మా. పక్కకి ఈడ్చుకుపోతేనే వస్తుంది. ముందు చక్రాలు రెండూ రెండు వైపులు చూస్తున్నాయి. మీరు తోలడంలో తప్పు లేదు, కింద ఏదో వంగింది" అన్నారు. స్టీరింగ్ ఎడం పక్కకి లాగుతోందా అని ఆయనే అడిగారు. వదిన అన్నయ్య వంక చూడలేదు. "ఆయ్, లాగుతోందండి. చెప్పాను" అంది. ఆ చెప్పాను అన్న మాటలో కోపం కూడా లేదు.

కారు పైకెత్తారు. షాపాయన లైటు వేసి చూపించారు. ఎడమ చక్రం దగ్గర స్టీరింగ్ కడ్డీ వంగి ఉంది. మరీ ఎక్కువేం కాదు, చూడగా చూడగా తెలిసేంత. చక్రాన్ని తిన్నగా పట్టి ఉంచేది అదేనట. అది వంగితే రెండు చక్రాలూ రోడ్డుని గీరుకుంటూ పోతాయట. ఏదో పదేపదే లాగి వంచినట్టుందే అంటున్నారాయన. నేను తల వంచి చూశాను. ఆ కడ్డీ నాకు బాగా తెలిసిన కడ్డీ. దాని చుట్టూ రాపిడికి రంగు పోయి ఉంది. కొసన నీలం నైలాన్ పోగులు రెండు ఇరుక్కుని ఉన్నాయి.

వదిన నాకంటే ముందే చూసింది. చెయ్యి పెట్టి ఆ పోగులు లాగింది, చూసింది, నా వైపు ఒకసారి చూసి గుప్పిట మూసేసింది. చీర కొంగు సర్దుకుంటున్నట్టు ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుంది. నెలల తరబడి ఊరందరి చేతా మాటలు పడ్డ మనిషి, మొగుడి చేత సామెతలు వేయించుకున్న మనిషి, తప్పు ఎవరిదో తెలిసిన క్షణంలో చేసిన పని అది. నేను గోదారి దాటి చదువుకుని పిల్లలకి చెప్పిన పాఠాలన్నీ ఆ గుప్పిట ముందు చిన్నవైపోయాయి. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఎవరికీ తెలీదు. ఒక్క నిమిషం ఊరుకున్నాను కూడా, అబద్ధమెందుకు.

తర్వాత, "తాడు కట్టింది నేనే అన్నయ్యా. రోజూ పంటు మీద. ఆ కడ్డీకే" అన్నాను.

అన్నయ్య కింద నుంచి కడ్డీ వంక చూశాడు. "నాన్న ముడేనా?" అన్నాడు. అవునన్నాను. "నాన్న నావలకి నేర్పాడ్రా, కార్లకి కాదు" అన్నాడు. అంతకంటే నన్నేమీ అనలేదు. ఆ తర్వాత అతను చేసింది మాత్రం నేను మర్చిపోలేను. పాత టైరు దగ్గరికి వెళ్ళి, పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చుని, చెయ్యి వేశాడు. అదీ పాతికేళ్ళు వల లాగిన చెయ్యే. ఇటు నిమిరాడు. అటు నిమిరాడు. అటు నిమిరినప్పుడు చెయ్యి ఆగిపోయింది. అలాగే ఆపి ఉంచి కొంతసేపు కూర్చున్నాడు.

లేచి షాపాయనతో, "కడ్డీ కొత్తది వెయ్యండి. టైర్లు ఆవిడ చెప్పినవే వెయ్యండి" అన్నాడు. ఇంట్లో ఏమే, ఒసే తప్ప అనని మనిషి, పరాయివాళ్ళ ముందు ఆవిడ అన్నాడు. బయటికెళ్ళి తాడితోట ఆయనకి ఫోన్ చేశాడు. వదిన నాతో మెల్లగా, "ఎందుకు చెప్పావు మాస్టారూ, ఇంక నిన్ను ఊళ్ళో బతకనిస్తారా?" అంది. బతకనివ్వలేదు. ఆ మాట నిజమైంది. ఇప్పటికీ నేను ఊరికి వెళ్తే ఎవరో ఒకరు తాడు తెచ్చి, దేనికైనా కట్టి పెట్టమని అడుగుతారు.

కడ్డీ మార్చి, చక్రాలకి అద్దాల్లాంటివి తగిలించి, కంప్యూటర్లో గీతలు చూస్తూ రెండు చక్రాల్నీ ఒకే దారి చూసేలా సరిచేశారు. ఆ తెర మీద ఎర్రగా ఉన్న అంకెలు ఒక్కొక్కటీ పచ్చగా మారుతుంటే వదిన పక్కన నిలబడి చూసింది. తిరిగి వచ్చేటప్పుడు రావులపాలెం దాటాక, రోడ్డు తిన్నగా ఖాళీగా ఉన్న చోట, ఆవిడ స్టీరింగ్ మీద చేతులు వదులు చేసింది. వేళ్ళు మాత్రం ఆనించి ఉంచింది. కారు తన దారిన తను పోయింది. అన్నయ్య అది చూశాడు. కిటికీ వైపు తిరిగి, "ఆడలేక కాదు, మద్దెలే ఓడు" అన్నాడు. మా అన్నయ్య నోట క్షమాపణ అంత దగ్గరగా వచ్చిన మాట అంతకు ముందూ లేదు, తర్వాతా లేదు. వదిన నవ్వలేదు. వినబడనట్టే తోలింది. కానీ ఇంటికి చేరేదాకా ఆవిడ చెవుల పక్కన ఎర్రగానే ఉంది.

సోమవారం పంటెక్కగానే నేను అలవాటు కొద్దీ తాడు కోసం చూసుకున్నాను. వదిన డిక్కీలోంచి చెక్క దిమ్మలు రెండు తీసి చక్రాల ముందు పెట్టింది. మా హెచ్‌ఎం గారికి జరిగిందంతా తెలిసింది. ఆ రోజు ప్రార్థనలో నా పేరు కూడా చెప్పి, ఈయనకి ముడులు వేసే కోరిక తగ్గించు ప్రభువా అన్నారు. కళ్ళు మూసుకునే అన్నారు గానీ మూతి మీద నవ్వు దాగలేదు.

ఆ టైర్లు మూడేళ్ళు నడిచాయి. నాలుగో ఏడు వాటిని మార్చినప్పుడు నేనూ వెళ్ళాను. అదే షాపు. పెద్దాయన విప్పిన టైరు మీద చెయ్యి వేసి, అటూ ఇటూ నిమిరి, పక్కకి జరిగి వదినకి చోటిచ్చారు. ఆవిడ నిమిరింది. గీతలన్నీ అయిపోయి, అంచు నుంచి అంచుకి ఒకే తీరుగా, ఏ వైపు వెళ్ళినా చేతికి ఏమీ తగలకుండా అరిగి ఉంది. అమ్మా, ఒకటి నాకు ఉంచితే వచ్చినవాళ్ళకి చూపించుకుంటానన్నారాయన. అన్నయ్య ఒప్పుకోలేదు. రెండూ ఇంటికి మోయించుకొచ్చి ఐసు షెడ్డు ముందు గోడకి ఆనించి పెట్టాడు. వేలానికి వచ్చినవాళ్ళని పట్టుకుని, "చెయ్యి వేసి చూడండి, మా ఆవిడ తోలినయ్యి" అనేవాడు. ఇప్పుడు మా ఊళ్ళో కారు తోలే ఆడవాళ్ళు ఆరుగురున్నారు. ఆరుగురూ మొదట చెయ్యి వేసి చూసింది ఆ టైర్ల మీదే.

వదినకి అరవై దాటాయి. మోకాళ్ళు నొప్పులంటుంది, కళ్ళజోడు పెట్టుకుంటుంది, పంటు ఎక్కడం మాత్రం మానలేదు. నేను రిటైరై రాజమండ్రిలో ఉండి, దారిన కనబడ్డ కార్లన్నిటి టైర్లూ నిమురుతూ తిరుగుతున్నాను. కాలం అరగదీయని మనిషి ఉంటాడని నేననుకోను. కానీ ఎటు నిమిరినా చెయ్యి గీరుకోకుండా అరిగిన మనిషిని మాత్రం ఒక్కరిని, మా ఇంట్లోనే చూశాను.